బండి గరమైందా? హెడ్ గ్యాస్కెట్ పని సరిగ్గా చేయించుకునే విధానం

ప్రభుత్వ పథకాల కింద కారు, జీపు, చిన్న ట్రాలీ తీసుకున్న లబ్ధిదారుల కోసం సమాచార పత్రం
రామగుండం – గోదావరిఖని ప్రాంతం, పెద్దపల్లి జిల్లా



దళిత బంధు కింద గానీ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కార్పొరేషన్ల సబ్సిడీతో గానీ బండి తీసుకుని నడుపుకుంటున్న కుటుంబాల కోసం ఈ పత్రం తయారు చేశాం. ఫోన్‌లో దాచుకోండి. బండి వేరేవాళ్లు నడుపుతుంటే వాళ్లకూ పంపండి.

2021లో మొదలైన దళిత బంధులో ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయల సాయం అందింది. అది తిరిగి కట్టక్కర్లేని డబ్బు. కార్పొరేషన్ పథకాల్లో సబ్సిడీ పోగా మిగతాది బ్యాంకు అప్పుగా ఉంటుంది. రెండింట్లోనూ విషయం ఒక్కటే. బండి మీ చేతికి వచ్చాక దాని నిర్వహణ, రిపేరు మీ బాధ్యతే. బండి షెడ్డులో నిలబడితే కిరాయి ఆగుతుంది, కానీ కిస్తీ ఆగదు.

ఇంజిన్ పనుల్లో లబ్ధిదారుల జేబుకు గట్టి దెబ్బ కొట్టేది హెడ్ గ్యాస్కెట్ పని. ఒకసారి సరిగ్గా చేస్తే చాలాకాలం మళ్లీ చూడక్కర్లేదు. పైపైన చేస్తే నెల తిరగకముందే అదే బండి అదే షెడ్డుకు పోతుంది. కాబట్టి ఈ పని ఎలా జరగాలో, మెకానిక్‌ను ఏమేం అడగాలో వివరంగా చూద్దాం. పానా మీరు పట్టకపోయినా ఫర్వాలేదు. ఏం జరుగుతుందో తెలిస్తే చాలు.

1. హెడ్ గ్యాస్కెట్ అంటే ఏమిటి?

ఇంజిన్‌ను రెండు ముక్కలుగా ఊహించుకోండి. కింది ముక్క బ్లాక్. అందులో పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతుంటాయి. పై ముక్క హెడ్. అందులో వాల్వులు ఉంటాయి. ఈ రెండింటి మధ్య పలుచగా, రంధ్రాలతో ఒక రేకు ఉంటుంది. అదే హెడ్ గ్యాస్కెట్. ఇప్పటి బళ్లలో చాలావరకు రెండు మూడు ఉక్కు రేకులను పొరలుగా కలిపి చేస్తున్నారు.

ప్రెషర్ కుక్కర్ మూతకు ఉండే రబ్బరు అందరికీ తెలుసు. అది పాడైతే ఆవిరి పక్కనుంచి పోతుంది, పప్పు ఉడకదు. గ్యాస్కెట్‌దీ అలాంటి పనే. కాకపోతే ఇది ఒకేసారి మూడింటిని వేరుగా ఉంచాలి.

• పిస్టన్ మీద మండే గ్యాస్. డీజిల్ ఇంజిన్‌లో దీని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి 100 రెట్లు దాటుతుంది.
• ఇంజిన్‌ను చల్లబరచడానికి తిరిగే కూలెంట్.
• భాగాలు అరగకుండా కాపాడే ఇంజిన్ ఆయిల్.

గ్యాస్కెట్ ఎక్కడైనా కాలినా, చీలినా ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. కూలెంట్ ఆయిల్‌లోకి పోతే బేరింగులు అరుగుతాయి. గ్యాస్ కూలెంట్‌లోకి పోతే రేడియేటర్‌లో నీళ్లు బయటకు తన్నుతాయి. కూలెంట్ పిస్టన్ మీదకు చేరితే పొగగా మారి సైలెన్సర్ నుంచి పోతుంది.

ఒక ముఖ్యమైన మాట. గ్యాస్కెట్ సాధారణంగా తనంతట తాను పాడు కాదు. ఎక్కువసార్లు దాన్ని పాడు చేసేది వేడి. హెడ్ అల్యూమినియంది. చాలా బళ్లలో బ్లాక్ పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఇంజిన్ హద్దు మీరి వేడెక్కితే హెడ్ వంపు తిరుగుతుంది, గ్యాస్కెట్ మీద పట్టు సడలుతుంది. అందుకే గ్యాస్కెట్ మార్చి, వేడి ఎందుకెక్కిందో చూడకుండా బండి ఇచ్చేస్తే సగం పనే జరిగినట్టు.

2. మన ప్రాంతంలో ఎందుకు జాగ్రత్త పడాలి?

మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. దానికి తోడు ఓపెన్ కాస్ట్ గనుల దుమ్ము, బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్లు, ఎన్టీపీసీ వైపు బూడిద లారీలు. ఈ దుమ్మంతా రేడియేటర్ రెక్కల మధ్యకు చేరుతుంది. ఏసీ ఉన్న బండిలో రేడియేటర్ ముందు కండెన్సర్ ఉంటుంది. ఆ రెండింటి మధ్య చేరిన చెత్త బయటికి కనిపించదు. వాన పడ్డప్పుడు అదే బురదై గట్టిపడుతుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగా ఉన్న రేడియేటర్‌లోకి గాలే వెళ్లకపోవచ్చు.

రెండోది నీళ్లు. చాలామంది కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోస్తారు. బోరు నీళ్లలోని సున్నం లోపలి దారుల్లో పేరుకుంటుంది. తుప్పు పడుతుంది. వాటర్ పంపు సీలు దెబ్బతింటుంది. కంపెనీ చెప్పిన కూలెంట్ పోస్తే తుప్పు ఆగుతుంది. పైగా ఉత్త నీళ్ల కంటే ఎక్కువ వేడి దాకా మరగదు.

మూడోది బండి వాడకం. షిఫ్టు దిగే సమయంలో మనుషుల్ని ఎక్కించుకుని ఆగుతూ సాగుతూ నడపడం, ఏసీ వేసి ఇంజిన్ ఆన్‌లోనే నిలబెట్టడం, మోతాదుకు మించి లోడు వేయడం, రాత్రి ఆస్పత్రి కిరాయికి కరీంనగర్, హైదరాబాద్ దాకా ఆపకుండా వెళ్లడం. ఇవన్నీ పనిలో భాగమే. అయితే కూలింగ్ వ్యవస్థ సరిగ్గా ఉంటేనే ఇంజిన్ వాటిని తట్టుకుంటుంది.

3. ముల్లు ఎరుపు వైపు పోతుంటే వెంటనే ఏం చేయాలి?

గ్యాస్కెట్ పోయేదీ, మిగిలేదీ ఈ కొద్ది నిమిషాల్లోనే తేలుతుంది.

(1) ఏసీ బంద్ చేయండి. బండిని సురక్షితంగా పక్కకు తీసి ఆపండి. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వచ్చినా, ఎర్ర లైటు వెలిగినా ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, చౌరస్తా దాకా పోదాం" అనుకోవద్దు. ఆ రెండు కిలోమీటర్లలోనే హెడ్ వంగుతుంది.
(2) ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత గానీ, కూలెంట్ డబ్బా మూత గానీ తీయవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదకు, చేతుల మీదకు ఎగజిమ్ముతాయి. కనీసం గంట ఆగండి. ఆ తర్వాత కూడా మందపాటి గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పండి.
(3) కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించవద్దు. హెడ్ పగిలే ప్రమాదం ఉంది.
(4) చల్లారాక కూలెంట్ చూసుకోండి. తక్కువైతే నింపండి. మళ్లీ ముల్లు ఎక్కితే నడపవద్దు, బండిని కట్టి లాగించండి. లాగించే ఖర్చు ఇంజిన్ పని ఖర్చు ముందు చాలా చిన్నది.

ఇంకో సంగతి. కూలెంట్ పూర్తిగా కారిపోతే కొన్ని బళ్లలో ముల్లు సరిగ్గా చూపించదు. సెన్సర్‌కు నీళ్లు తగలకపోవడమే కారణం. ముల్లు మామూలుగా ఉన్నా ఇంజిన్ నుంచి కాలిన వాసన వస్తే, లాగుడు తగ్గితే ఆపి చూడండి.

4. గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తులు

• బయట ఎక్కడా కారడం లేదు, అయినా కూలెంట్ తగ్గుతూనే ఉంది.
• ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగడం లేదు. కొంచెం తియ్యటి వాసన వస్తోంది.
• ఆయిల్ గేజీ పుల్లకు, ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు నురుగు కనిపిస్తోంది.
• ఇంజిన్ నడుస్తుంటే కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి.
• పొద్దున్నే స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే, నీళ్లు ఇంకా వేడెక్కకముందే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతోంది.
• ఉదయం స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ ఎగతప్పి బండి వణుకుతోంది, తర్వాత సర్దుకుంటోంది.

వీటిలో ఒక్కటి కనిపించగానే హెడ్ దింపించకండి. చలికాలంలో స్టార్ట్ చేసినప్పుడు వచ్చే కొద్దిపాటి తెల్ల పొగ మామూలు ఆవిరి. తక్కువ దూరాలు తిరిగే బండికి ఆయిల్ మూత కింద కొద్దిగా తేమ నురుగు పట్టడమూ మామూలే. డీజిల్ బళ్లలో ఈజీఆర్ కూలర్ లోపల లీకైతే కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది. ఆయిల్ కూలర్ లీకైతే ఆయిల్, కూలెంట్ కలుస్తాయి. గుర్తులు ఒకలాగే ఉంటాయి కానీ ఆ పనులకు హెడ్ దింపక్కర్లేదు. థర్మోస్టాట్ మూసుకుపోయినా, ఫ్యాన్ తిరగకపోయినా, రేడియేటర్ మూత వదులైనా బండి గరమవుతుంది. అవి చిన్న పనులు.

5. హెడ్ దింపకముందే చేయించాల్సిన పరీక్షలు

మంచి మెకానిక్ ముందు పరీక్ష చేసి, తర్వాత పానా పడతాడు. ఈ నాలుగింటిలో కనీసం రెండు చేయమని అడగండి.

ప్రెషర్ టెస్ట్: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌కు చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి పెడతారు. ముల్లు పడిపోతుంటే ఎక్కడో లీకు ఉంది. బయట తడి కనిపిస్తే ఆ లీకు సంగతి తేలుతుంది. ఎక్కడా తడి లేకపోతే లోపల అనుమానించాలి.

బ్లాక్ టెస్ట్: రేడియేటర్ మూత దగ్గర ఒక గొట్టం పెడతారు. అందులో నీలం రంగు ద్రవం ఉంటుంది. కూలెంట్‌లోకి మండిన గ్యాస్ వస్తుంటే పెట్రోల్ బండికి అది పసుపు రంగుకు మారుతుంది. డీజిల్‌కు మార్పు కాస్త తక్కువగా, ఆకుపచ్చ వైపు ఉంటుంది.

కంప్రెషన్ టెస్ట్: ఒక్కో సిలిండర్ ఒత్తిడి కొలుస్తారు. పక్కపక్క సిలిండర్లు రెండూ బాగా తక్కువ చూపిస్తే, వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందని బలంగా అనుమానించవచ్చు.

లీక్ డౌన్ టెస్ట్: సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడినుంచి పోతుందో వింటారు. కూలెంట్‌లో బుడగలొస్తే సంగతి తేలినట్టే.

6. పని ఎలా జరగాలి? మెట్లు వరుసగా

మీ బండి మోడల్‌ను బట్టి కొలతలు మారతాయి. కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెలే చివరి మాట. ఇక్కడ చెప్పే వరుస మాత్రం నీటితో చల్లబడే దాదాపు అన్ని ఇంజిన్లకూ వర్తిస్తుంది.

మొదటి మెట్టు: చల్లారనివ్వడం. ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే హెడ్ బోల్టులు విప్పాలి. వేడి మీద విప్పితే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, కూలెంట్, ఆయిల్ రెండూ దించేయాలి. కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు, పశువులు నోరు పెట్టే చోట పారబోయవద్దు.

రెండో మెట్టు: గుర్తులు పెట్టుకోవడం. టైమింగ్ బెల్టు లేదా చైన్ విప్పేముందు గుర్తులు కలిపి, ఫోటో తీసుకోవాలి. విప్పిన పైపులు, వైర్లకు చీటీలు కట్టాలి. ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీస్తే బిగించేటప్పుడు తికమక ఉండదు.

మూడో మెట్టు: బోల్టులు విప్పే వరుస. బయటి చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని కొద్ది కొద్దిగా సడలిస్తూ రెండు మూడు విడతల్లో విప్పాలి. ఒకవైపువన్నీ ఒకేసారి తీసేస్తే హెడ్ మెలి తిరుగుతుంది. దింపిన హెడ్‌ను ముఖం నేలకు ఆనేలా పెట్టకూడదు. తెరుచుకుని ఉన్న వాల్వులు వంగుతాయి. రెండు చెక్క ముక్కల మీద ఆనించాలి.

నాలుగో మెట్టు: పాత గ్యాస్కెట్‌ను చదవడం. దీన్ని పారేయనివ్వకండి, మీరే ఉండి చూడండి. ఎక్కడ నల్లగా కాలిందో అక్కడే గ్యాస్ దారి చేసుకుంది. ఏ సిలిండర్ దగ్గర, ఏ నీటి దారి దగ్గర అన్నది చూస్తే హెడ్‌లో, బ్లాక్‌లో ఏ భాగాన్ని ఎక్కువగా పరీక్షించాలో తెలుస్తుంది. ఏదైనా పిస్టన్ తల మిగతావాటికంటే కడిగినట్టు శుభ్రంగా ఉంటే అందులోకి కూలెంట్ పోయిందన్నమాట.

ఐదో మెట్టు: శుభ్రం చేయడం. హెడ్, బ్లాక్ రెండింటి ముఖాల మీద పాత గ్యాస్కెట్ మరకలు పోవాలి. దీనికి ప్లాస్టిక్ గీకుడు పలక, గ్యాస్కెట్ కరిగించే ద్రవం వాడాలి. గ్రైండర్‌కు ఎమెరీ డిస్కు పెట్టి రుద్దితే రెండు నష్టాలు. అల్యూమినియం మీద పల్లాలు పడతాయి. రాలిన గరుకు పొడి ఆయిల్ దారుల్లోకి పోయి, కొత్తగా బిగించిన ఇంజిన్ బేరింగులను కొన్ని రోజుల్లోనే తినేస్తుంది.

ఆరో మెట్టు: వంపు కొలవడం. ఈ మెట్టు దాటేస్తే మిగతా పనంతా వృథా. హెడ్ ముఖం మీద నిటారుగా ఉండే ఉక్కు స్కేలు పెట్టి, కింద ఫీలర్ గేజ్ ఆకులు దూర్చి చూస్తారు. నిలువుగా, అడ్డంగా, రెండు మూలల నుంచి మూలలకు, ఇలా ఆరు చోట్ల చూడాలి. చిన్న ఇంజిన్లు చాలావాటికి అనుమతించే వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. అంటే సన్నటి తలవెంట్రుకంత. కంటికి కనిపించదు, చేతికి తగలదు. "చూసిన అన్నా, సాఫ్‌గానే ఉంది" అన్న మాట మీద ఆధారపడకండి. బ్లాక్ ముఖాన్ని కూడా ఇలాగే కొలవాలి. హెడ్‌నే చూసి బ్లాక్‌ను వదిలేసే షెడ్లు ఉన్నాయి.

ఏడో మెట్టు: మెషిన్ షాపు పని. వంపు ఉంటే హెడ్‌ను లేత్ పని చేసే ఇంజనీరింగ్ వర్క్స్‌కు పంపి ఫేసింగ్ కొట్టించాలి. దానికంటే ముందు ప్రెషర్ పెట్టి పగుళ్లు చూడమని అడగండి. పగిలిన హెడ్‌కు ఫేసింగ్ కొట్టించడం డబ్బు దండగ. ఎంత మందం తీశారో కాగితం మీద రాయించుకోండి. ఎక్కువ తీస్తే హెడ్ పనికిరాదు. కొన్ని కంపెనీలు తమ డీజిల్ హెడ్‌లకు ఫేసింగే వద్దంటాయి, మార్చాల్సిందే.

ఎనిమిదో మెట్టు: సరైన గ్యాస్కెట్. చాలా డీజిల్ ఇంజిన్లకు గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో దొరుకుతుంది. అంచున ఉండే గంట్లు లేదా చిన్న రంధ్రాల లెక్కతో దాని మందం తెలుస్తుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖం దాటి ఎంత పొడుచుకు వస్తుందో కొలిచి ఆ మందం ఎంచుకోవాలి. పలుచనిది వేస్తే పిస్టన్ వాల్వులకు తగలవచ్చు. మందమైనది వేస్తే పికప్ తగ్గి పొగ వస్తుంది. కొనేటప్పుడు ఇంజిన్ నంబరు చెప్పి, పాతది పక్కన పెట్టి పోల్చుకోండి.

తొమ్మిదో మెట్టు: బోల్టులు, వాటి రంధ్రాలు. ఇప్పటి బళ్లలో ఎక్కువగా సాగే రకం హెడ్ బోల్టులు వాడుతున్నారు. బిగించినప్పుడు అవి కావాలనే కొంచెం సాగి, రబ్బరులా లాగి పట్టుకుంటాయి. ఒకసారి సాగినదాన్ని మళ్లీ వాడితే ఆ పట్టు రాదు, తెగిపోనూ వచ్చు. మాన్యువల్ కొత్తవి వేయమంటే కొత్తవే వేయించండి. బ్లాక్‌లో బోల్టు రంధ్రాల్లో నీళ్లు, ఆయిల్ నిలిచి ఉంటే గాలి పట్టి ఆరబెట్టాలి. తడి రంధ్రంలో బోల్టు బిగిస్తే ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకే పగలవచ్చు.

పదో మెట్టు: బిగించే వరుస. గ్యాస్కెట్ మీద "టాప్" అని ఉన్న వైపు పైకి రావాలి. ఉక్కు పొరల గ్యాస్కెట్‌కు మాన్యువల్ చెప్పని చోట సిలికాన్, బంక పూయకూడదు. బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి బయటకు, మెల్లగా విడతల వారీగా బిగించాలి. స్టెప్నీ మార్చినప్పుడు నట్లు ఎదురెదురుగా బిగిస్తాం కదా, ఇదీ అలాంటిదే. ప్రతి విడతకు ఎంత బలమో మాన్యువల్‌లో ఉంటుంది. చివర్లో 90 డిగ్రీలు తిప్పు, మరో 90 డిగ్రీలు తిప్పు అని కోణాల్లోనూ ఉంటుంది. ఇది టార్క్ పానాతో మాత్రమే అయ్యే పని. ఎంత అనుభవమున్న చేయి అయినా అంచనాతో పది బోల్టులను ఒకే బలంతో బిగించలేదు.

పదకొండో మెట్టు: టైమింగ్ సరిచూడడం. గుర్తులు కలిపాక, స్టార్ట్ చేయకముందు ఇంజిన్‌ను పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టేయకుండా, గుర్తులు మళ్లీ కలిస్తేనే తాళం తిప్పాలి.

పన్నెండో మెట్టు: కొత్త ఆయిల్, కూలెంట్, గాలి తీయడం. పాత ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉంటే కొత్త ఆయిల్, ఫిల్టర్ తప్పనిసరి. రేడియేటర్ లోపల కడగాలి. థర్మోస్టాట్ కొత్తది వేయడం మంచిది. వాటర్ పంపు, ఫ్యాన్, రేడియేటర్ మూత పరీక్షించాలి. కూలెంట్ పోశాక లోపల చిక్కిన గాలి బుడగలు పోయేదాకా, హీటర్ వేడి వైపు పెట్టి, ఫ్యాన్ కనీసం రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడపాలి. గాలి మిగిలితే కొత్త గ్యాస్కెట్ కూడా మొదటి రోజే కాలవచ్చు.

7. వద్దని చెప్పాల్సినవి

• రేడియేటర్‌లో పోసే లీకు మందు. కొన్నాళ్లు ఆపినట్టే ఉంటుంది. తర్వాత రేడియేటర్, హీటర్ సన్నటి గొట్టాలను మూసేస్తుంది. వేడి ఇంకా పెరుగుతుంది.
• థర్మోస్టాట్ తీసేయడం. "తీసేస్తే చల్లగా నడుస్తది" అంటారు. ఇంజిన్ సరైన వేడికి రాక ఆయిల్ తాగుతుంది, అరుగుతుంది. జబ్బు అలాగే ఉంటుంది.
• పాత గ్యాస్కెట్‌నే తుడిచి మళ్లీ వేయడం.
• కొలవకుండా "ఈ రోజే ఇస్త" అనడం. వంపు లేకపోతే అది సాధ్యమే. కానీ ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందని అడిగితే అంకె చెప్పగలగాలి.

8. ఖర్చు, బిల్లు, మీ హక్కులు

వారంటీ ఉందా? ముందు అది చూడండి. వారంటీలో ఉన్న బండిని బయట షెడ్డులో విప్పితే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. మొదట అధీకృత సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్ వస్తుందా? మామూలు మోటార్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల కవర్ కావు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకుని ఉంటే దాని షరతులు చదివి అడగండి. గరమైందని తెలిసీ నడిపితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ.

అంచనా రాసివ్వమనండి. గ్యాస్కెట్ సెట్టు, హెడ్ బోల్టులు, ఫేసింగ్, ప్రెషర్ టెస్ట్, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, థర్మోస్టాట్, కూలి అని విడివిడిగా రాయించండి. హెడ్ దింపాక కొత్త లోపం బయటపడితే మీకు ఫోన్ చేసి, ఒప్పుకున్నాకే ముందుకు పోవాలని ముందే చెప్పండి.

లెక్క ఇలా వేసుకోండి. మీ బండి రోజుకు 1,500 రూపాయలు మిగులుస్తుందనుకుందాం. ఫేసింగ్ కోసం రెండు రోజులు ఎక్కువ ఆగితే 3,000 పోతాయి. కొలవకుండా బిగించి, నెలకే మళ్లీ దింపితే మరో వారం అంటే 10,500 పోతాయి. గ్యాస్కెట్, ఆయిల్, కూలెంట్, కూలి మళ్లీ మొదటి నుంచి అదనం. ఇప్పుడు రెండు రోజులు ఆగడమే చౌక.

బిల్లు, పాత సామాను తీసుకోండి. పని సరిగ్గా చేయకపోతే ముందు షెడ్డు యజమానితో మాట్లాడండి. పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. దేనికైనా బిల్లే మీ ఆధారం.

విసుగొచ్చి బండి అమ్మేయవద్దు. అప్పుతో తీసుకున్న బండికి బ్యాంకు పేరు ఆర్‌సీ మీద ఉంటుంది. బ్యాంకు ఒప్పుకోనిదే బదిలీ జరగదు. మంజూరు సమయంలో మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో షరతులు ఉంటాయి, చదవండి. యూనిట్ నడపలేని పరిస్థితి వస్తే సంబంధిత కార్పొరేషన్ కార్యాలయంలో గానీ, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో గానీ రాతపూర్వకంగా చెప్పండి. బండి తుక్కుకు పోయాక చెబితే చేయగలిగింది తక్కువ.

9. బండి ఇంటికి వచ్చాక

• మొదటి వారం రోజూ పొద్దున, చల్లగా ఉన్నప్పుడే కూలెంట్, ఆయిల్ చూడండి. మొదటి ఒకట్రెండు రోజులు కూలెంట్ కొంచెం తగ్గవచ్చు, మిగిలిన గాలి పోవడం వల్ల. ఆ తర్వాతా తగ్గుతుంటే వెంటనే చూపించండి.
• ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉన్న బండి అయితే, కొత్త ఆయిల్‌ను కూడా 500 కిలోమీటర్లలోపు ఒకసారి మార్పించండి.
• మొదటి కొద్ది రోజులు నిండు లోడు, సుదూర కిరాయి పెట్టుకోకండి.
• బోల్టులు మళ్లీ బిగించాలా అన్నది మాన్యువల్‌ను బట్టి. సాగే రకం బోల్టులను సాధారణంగా మళ్లీ ముట్టుకోరు.
• నెలకోసారి, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి రేడియేటర్ కడిగించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, లోపలి వైపు నుంచి బయటకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. ఎక్కువ ఒత్తిడి పెడితే రెక్కలు వంగిపోతాయి.
• కూలెంట్‌ను కంపెనీ చెప్పిన గడువుకు మార్చండి. దారిలో అవసరానికి మంచినీళ్లు పోయాల్సి వస్తే పోయండి. ఇంటికొచ్చాక సరైన కూలెంట్ నింపించండి.

10. తరచూ వచ్చే సందేహాలు

గ్యాస్కెట్ పోయిన బండిని కొన్నాళ్లు నీళ్లు పోస్తూ నడపవచ్చా?
వద్దు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే క్రాంక్ బేరింగులు పోతాయి. అప్పుడు గ్యాస్కెట్ పని కాస్తా పూర్తి ఇంజిన్ పని అవుతుంది. సిలిండర్ నిండా నీళ్లు చేరితే స్టార్ట్ చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఆటోకూ ఇది వర్తిస్తుందా?
కూలెంట్‌తో చల్లబడే ఇంజిన్ అయితే వర్తిస్తుంది. గాలితో చల్లబడే వాటికి రేడియేటర్, కూలెంట్ మాటలు వర్తించవు. వంపు కొలవడం, వరుసగా బిగించడం మాత్రం వాటికీ అవసరమే.

టార్క్ పానా లేని షెడ్డుకు ఇవ్వవచ్చా?
హెడ్ పనికి ఇవ్వవద్దు. మీ మెకానిక్ మంచివాడే, పానా మాత్రమే లేదంటే, పక్క షెడ్డు నుంచి తెప్పించుకోమనండి. అడగడానికి మొహమాటం వద్దు. బండి మీది.

షెడ్డుకు వెళ్లేముందు ఈ ఏడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి

(1) గ్యాస్కెట్టే పోయిందని ఏ పరీక్షతో తేల్చారు?
(2) బండి అసలు ఎందుకు గరమైంది? ఆ కారణం సరిచేశారా?
(3) హెడ్ వంపు ఎంత? బ్లాక్ వంపు ఎంత?
(4) పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేశారా?
(5) బోల్టులు కొత్తవా? గ్యాస్కెట్ మందం ఎలా ఎంచారు?
(6) టార్క్ పానాతో, మాన్యువల్ వరుసలో బిగించారా?
(7) కూలెంట్‌లో గాలి తీశారా? బిల్లు, పాత గ్యాస్కెట్ ఇస్తారా?

ఈ ప్రశ్నలకు పని తెలిసిన మెకానిక్ కోపం తెచ్చుకోడు, ఓపికగా చూపిస్తాడు. చూపించేవాడి దగ్గరే బండి వదలండి.

సహాయానికి: పథకం, ఒప్పందం విషయాలకు మీ కార్పొరేషన్ జిల్లా కార్యాలయం. వినియోగదారుల ఫిర్యాదులకు 1915.